పుట్టినింటికి పోవు పక్షులు

ఈ పుటలో మేము తఱచు చెట్లను గూర్చియు చేలను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము పక్షులవంతు వచ్చినది. అందులకు కారణము కోరుట్లనుండి ఒక సోదరి వ్రాసిన జాబు. "మా పెరటి బావిగోడమీద చలికాలమంతయు ఒక చిన్న నల్లపిట్ట కూర్చుండి తోక వణకించుచుండెడిది. ఉగాదికి ఇల్లు కడుగునప్పుడు చూడగా అది లేదు. ఎన్నడు పోయినదో ఇంటిలో ఒక్కరును చెప్పలేకున్నారు. పిల్లి పట్టుకొనిపోయినదని మా అత్తగారును, ఎండకు చచ్చిపోయినదని పిల్లలును అనుచున్నారు. మీరేమందురు?" అని వారి ప్రశ్న.

పిల్లిమీద ఈసారికి నేరము మోపనక్కఱలేదని మా తలంపు. ఆ సోదరి వ్రాసిన గుఱుతులు సరిగనే ఉన్నవి. పిచ్చుకంత పరిమాణము, మగదానికి తల, వెన్ను, ఱొమ్ము మసివలె నలుపు, కడుపును తోకయు కాల్చిన ఇటుక రంగు, ఆడుది మాత్రము మట్టిరంగు. కూర్చున్నచోటనే మాటిమాటికి వంగి లేచుచు తోకను వణకించును. ఇది నూనెబుడ్డిగాడు. ఈ పేరు మేము కల్పించినది కాదు. 1862 మొదలు 1864 వఱకు హిందూదేశపు పక్షులను గూర్చి గొప్ప గ్రంథము వెలువరించిన జెర్డను అను వైద్యుడు, తాను విన్న తెనుగు పేర్లనుగూడ అందు చేర్చినాడు. దీనికి ఆయన ఇచ్చిన తెనుగు పేరిదియే. మసిపట్టి జిడ్డుదేఱిన బుడ్డిని ఒక్కసారి చూచినవారెవరైనను, ఈ పేరు పెట్టిన మహానుభావుని మెచ్చుకొనక మానరు. నేడు ఇండ్లలో ఆ బుడ్డులు లేవు. వానితోపాటు పేరును మఱుగుపడినది.

ఆశ్వయుజమునకు అటునిటుగ ఈ పిట్ట మన ప్రాంతమునకు వచ్చును. పాడుగోడలమీదను, రాళ్లకుప్పలమీదను, పశువుల కొట్టముల కప్పులమీదను తిరుగుచు చీమలను పురుగులను ఏరుకొని తినును. ఫాల్గుణ చైత్రములలో ఉత్తరమునకు బయలుదేఱి హిమాలయముల ఎత్తైన నేలలకును టిబెట్టు పీఠభూమికిని చేరుకొని, అక్కడ రాతిగోడల సందులలో గూడు కట్టి పిల్లలను చేయును. కావున కోరుట్ల సోదరి బావిగోడ ఖాళీయైనందుకు దుఃఖింపనక్కఱలేదు. అది పురిటికి పుట్టినింటికి పోయినది.

ఈ మాట మేము ముచ్చటకు అన్నది కాదు. మన ఆడుబిడ్డలు కాన్పునకు తల్లిగారింటికి పోవునట్లే, చలికాలపు వలసపక్షులన్నియు గ్రుడ్లు పెట్టుటకు తాము పుట్టిన చోటికే పోవును. మన చెఱువులలోను పెరళ్లలోను ఆఱేడు మాసములు తిని తిరిగినను, ఇక్కడ ఒక్క గ్రుడ్డయినను పెట్టవు. ఉత్తరదేశములలో వేసవి పగళ్లు మిక్కిలి దీర్ఘములు. మంచు కరగినతోడనే పురుగులు కోట్లకొలది పుట్టును. పిల్లల నోళ్లు నింపుటకు అంతకన్న అనువైన చోటు వేఱొకటి లేదు. మనకు అదే కాలమున చెఱువులు బీటలువాఱును. చలి వచ్చినప్పుడు అక్కడ పురుగు దొరకదు. మనకు వానలు వెలిసి పంటలు నిండియుండును. అప్పుడు మరల ఇటు వచ్చును. ఇంతకు మించిన రహస్యమేమియు ఇందు లేదు.

ఇచ్చట ఒక పొరపాటును దిద్దవలసియున్నది. పత్రికలలో ఏటేట "సైబీరియా కొంగలు మన ఊరికి పురిటికి వచ్చినవి" అని చదువుచున్నాము. ఖమ్మము జిల్లాలోని చింతపల్లిలోను, పూర్వపు అనంతపురము జిల్లాలోని వీరాపురములోను చెట్లమీద గూళ్లు కట్టు ఆ పెద్ద కొంగలు సైబీరియానుండి వచ్చినవి కావు. పసుపుపచ్చని పొడుగు ముక్కు, తోకదగ్గఱ గులాబి ఈకలుగల ఈ ఎఱ్ఱకాళ్ల కొంగలు ఈ దేశపువే. నీళ్లనుబట్టి చేపలనుబట్టి ఈ దేశమునందే ఒకచోటినుండి మఱియొకచోటికి తిరుగును. ఇక్కడ గూడు కట్టుచున్నవనుటయే అవి మన ఆడుబిడ్డలనుటకు సాక్ష్యము. నిజమైన సైబీరియా కొంగ తెల్లనిది, ఎఱ్ఱని మొగముగలది. రాజస్థానమున భరత్‌పురమునకు చలికాలమున వచ్చుచుండెడిది. 2002 తరువాత అక్కడకు రాలేదు. పోయినదాని పేరును ఉన్నదానికి పెట్టుచుండుటచేత, పోయినదన్న సంగతియే మనకు తెలియకున్నది.

ఇక ఆ సోదరి ప్రశ్నలోని అసలు సంగతికి వత్తుము. "ఎన్నడు పోయినదో ఎవ్వరును చెప్పలేకున్నారు" అన్నారు. ఇది వారింటి లోపము కాదు. పండితుల గ్రంథములలోను ఇదే కొఱత. పక్షి వచ్చిన దినము ఎల్లరకు తెలియును. నిన్న లేనిది నేడున్నది, కంటికి ఇంపుగ తోచును, నలుగురికి చూపుదుము. పోయిన దినము అట్టిది కాదు. ఈ ఉదయము చూచినప్పుడు ఇదే కడపటి చూపని ఎవరికి తెలియును? వారము గడచినపిమ్మట గాని లేదన్న సంగతి మనసునకు తట్టదు. కావున పోవు దినము తెలియవలెనన్నచో ఒక్కటే ఉపాయము కలదు: ఒక్కచోటనే ఉండి, ప్రతిదినమును చూచుచుండవలెను.

నిజాము ప్రభుత్వమువారి ధనసహాయముతో 1931-32లో సలీం ఆలీగారు హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించిరి. అడవులవెంట గుడారములు వేసికొనుచు ఒక మజిలీనుండి మఱియొక మజిలీకి పోయిరి. వారి భార్య తెహమీనాగారును ఆ ప్రయాణములలో వెంట నుండిరి. అడవి మజిలీలలో కాపురము దిద్దుకొన్న ఆమె ఓర్పును గూర్చి మనవారిలో తెలిసినవారు తక్కువ. 1939లోనే ఆమె పరమపదించినది. ఆ పరిశీలన ఫలితములు తరువాత బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పత్రికలో వెలువడినవి. నేటికిని తెలంగాణమునందలి పక్షులను గూర్చి వ్రాయువారు అచ్చటనుండియే మొదలుపెట్టుదురు. ఐనను కొన్నాళ్లు ఒకచోట మజిలీ చేసి లేచిపోవు వారికి, ఆ చోటినుండి కాటుకపిట్ట ఏ దినమున పోయినదో ఎట్లు తెలియును? అది వాకిట సానుపు చల్లుచు దినదినము ఆ గట్టునే చూచు స్త్రీకి తెలియవలసినదే గాని ఎంతటి పండితునికిని తెలియునది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఉదయమునుండి ప్రొద్దుగూకు వఱకు అరుగులమీద కూర్చుండి బీడీలు చుట్టు సోదరీమణులు వేలకొలది గలరు. చేటలోని ఆకునుండి తల యెత్తినప్పుడెల్ల వారి కన్నులు ఒకే గోడమీదను, ఒకే వేపచెట్టుమీదను పడుచుండును. పక్షిశాస్త్రమునకు కావలసిన చూపు అట్టిదే.

ఇంతకు ఆ పక్షికి బయలుదేఱు ముహూర్తము ఎవరు పెట్టుదురు? కెనడాలో రోవను అను ఆచార్యుడు 1920వ దశకమున ఒక పరీక్ష చేసెను. గడ్డకట్టించు చలిలో పక్షులను పంజరములందుంచి, సాయంకాలము దీపములు వెలిగించి దినమునకు కొంచెముగ పగటిని పొడిగించెను. బయట ఎంత చలియున్నను వాని దేహములలో వసంతము వచ్చినది. గూడుకట్టు కాలపు మార్పులన్నియు నడిశీతకాలముననే కలిగినవి. వేడిమికన్న వెలుతురే వానికి పంచాంగమని దీనివలన తెలిసినది. మన సీమలో కడు కుఱచ పగటికిని కడు దీర్ఘపు పగటికిని భేదము ఇంచుమించుగా రెండు గంటలే. ఐనను దేహములోపలి గడియారముతో చేర్చుకొని పక్షి ఆ కొద్ది భేదమునే కనిపెట్టును. ముహూర్తము దగ్గఱపడుకొలది దానికి ఆకలి మిక్కుటమగును. ఎడతెగక తిని చర్మము క్రింద క్రొవ్వు చేర్చుకొనును. చిన్నపక్షులు కొన్ని దూరప్రయాణమునకు ముందు తమ బరువునకు సగముదాక అదనముగ పెంచుకొనును. మన పెరటి చెట్ల ఆకులనడుమ "చివీట్" అని అఱచుచు తిరుగు ఆకుపచ్చని చిట్టిపిట్ట యొకటి కలదు. బరువు ఏడెనిమిది గ్రాములకు మించదు. అది హిమాలయములు మొదలు సైబీరియా అడవులవఱకు గల నేలలనుండి వచ్చి పోవునది. ఆ ప్రయాణమునకు దారిబత్తెము మన వేపచెట్టు పురుగులే.

ఇదంతయు ఏల చెప్పుచున్నామన్నచో, అవి తినవలసిన దినములును మన చెఱువులు తఱుగు దినములును ఒక్కటియే. ఫాల్గుణమున కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలలో పసుపు ఉడుకుచుండును. జగిత్యాల మామిడితోటలలో పిందె నిలుచుచుండును. శ్రీరామసాగరపు కాలువ పాఱు నేలలో యాసంగి వరి పొట్టకు వచ్చును. ఆ తడిమళ్లలో సన్నని కాళ్ల ఉల్లంకిపిట్టలు, పసుపుపచ్చని కాటుకపిట్టలు గుంపులుగ దిగి తినుచుండును. గట్టుమీది తీగలపై వానకోవెలలు బారులు తీఱియుండును. సిరిసిల్ల వైపున నర్మాలవద్ద ఎగువ మానేరు, బోయినపల్లి మండలమున మధ్య మానేరు నిండియుండిన యేడు, సూదితోక బాతులు, తెడ్డుమూతి బాతులు మొదలగు దూరదేశపు బాతులకు అట్టి నీళ్లు ఆశ్రయము. తెల్లని తలమీద రెండు నల్లచారలుగల పెద్దబాతు కనబడినచో, అది హిమాలయములను దాటిపోవునదని పిల్లలకు చూపుడు. 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో అట్టి బాతు ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్లు తేలినది. సన్నని గాలిలోని కొద్దిపాటి ప్రాణవాయువును గట్టిగ పట్టుకొను గుణము దాని నెత్తురునకు కలదు.

మోదుగులు పూచిన కాలముననే మఱియొక వేడుక. గులాబి గోరింకలు వందలకొలది బూరుగుచెట్లమీదను మోదుగులమీదను వ్రాలి పూవులలోని తేనె త్రాగుచు సంతవలె గోల చేయును. వచ్చునప్పుడు మాసియుండిన ఈకలు పోవునాటికి గులాబివన్నె తేఱును. జొన్నచేలలో గింజ తినునని రైతులు వీనిని తిట్టుట మేమెఱుగుదుము. ఆ తిట్టు కొంతవఱకు న్యాయమే. కాని ఇవే పక్షులు వేసవిలో మధ్య ఆసియాలో మిడుతల దండులను తినును. చైనాలోని షింజియాంగు రాష్ట్రమువారు వానికి గూళ్లకని రాళ్లకుప్పలు పేర్చి పిలుచుకొనుచున్నారు. ఒకరి చేనిలో దొంగ, మఱియొకరి చేనికి కావలికాడు.

చెఱువు తఱిగినపిమ్మట మిగిలిన మడుగులో చేపలును పురుగులును చిక్కగ నుండును; పక్షులన్నియు అక్కడనే చేరును; వేటకాండ్రును అక్కడనే చేరుదురు. విషము కలిపిన గింజలు చల్లి బాతులను పట్టి, తెల్లవాఱునప్పటికి ఇండ్లవెంట అమ్మువారు అక్కడక్కడ ఉన్నారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణ శాసనముచేత వేటయు అమ్మకమును నేరములే. శాసనమట్లుండనిండు. ఆ మాంసము వండునది ఎవరు? విషము తిని చచ్చిన పక్షిని కుండలో వేసి పసిపిల్లలకు వడ్డించుట ఎంతటి సాహసమో ఆలోచింపుడు. వాకిటికి వచ్చినవానిని "మా యింట అక్కఱలేదు" అని పంపివేయుట ఇల్లాలి అధికారములోని పని. ఇందుకు మగవారి అనుమతి యేల?

2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికను 30,000 మంది పరిశీలకులు వ్రాసిపెట్టిన లెక్కలనుబట్టి కూర్చిరి. 942 జాతులను పరిశీలించిరి. అందు దీర్ఘకాలపు లెక్క తేల్చగలిగినవి 338 మాత్రమే. వానిలో నూటికి 60 జాతులు తగ్గిపోయినవి. దూరదేశములనుండి వచ్చిపోవు పక్షుల తఱుగుదల మఱింత హెచ్చు. మిగిలిన ఆఱువందల జాతుల సంగతి తేల్చుటకు చాలినంత లెక్కయే లేకపోయినది. చూచువారు నగరముల చుట్టుపట్లనే ఎక్కువ. కోరుట్ల బావిగోడను గూర్చి వ్రాయువారు ఎందఱు?

వ్రాయుటకు పెద్ద పుస్తకమక్కఱలేదు. గోడమీది క్యాలెండరులో పాలు రాని దినమున గీత గీయుచుంటిరి గదా. పక్షి కనబడిన దినమున ఆ గడిలోనే మూలగా ఒక చుక్క పెట్టుడు. చుక్క పడిన కడపటి దినమే అది వెడలిన దినము. ఒక్క పక్షియే చాలును, ఒక్క చోటే చాలును; పదింటిని చూడబోయి ఒక్కటియు సరిగ చూడకపోవుటకన్న అదే మేలు. బడికి పోవు పిల్లయున్నచో, ఆ లెక్కను ఫోనులో ఈబర్డు అను పట్టికకు ఎక్కింపగలదు. ఫిబ్రవరి మాసమున నాలుగు దినములు ప్రపంచమంతట జరుగు పెరటి పక్షుల లెక్కలోను చేర్పవచ్చును.

వలస అను మాటను ఈ మూడు ఊళ్ల స్త్రీలకు మేము విడమఱచి చెప్పవలసినది లేదు. సిరిసిల్ల నేతపనివారు భీవండికిని షోలాపురమునకును పోయిరి. జగిత్యాల, కోరుట్ల పల్లెల మగవారు దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోయిరి, ఇప్పటికిని పోవుచున్నారు. ఆ మనిషి విమానమెక్కిన తేదీ, రావలసిన తేదీ అడిగినచో, చదువు రాని ముసలితల్లియు తడుముకొనక చెప్పును. తేదీలు మనసున నిలుపుకొను అలవాటు ఇంతగనున్నచోట, క్యాలెండరుమీద ఒక చుక్క బరువగునని మేము తలంపము.

వైశాఖమునకు మఱియొక అతిథిని గూర్చి ముందుగనే చెప్పి ఉంచవలెను. దక్షిణదేశమునను సింహళమునను చలికాలము గడపి, వానలకు ముందు మధ్యభారతపు అడవులకును హిమాలయపు అడుగుకొండలకును పోవు రంగురంగుల పిట్ట యొకటి కలదు. పచ్చని వెన్ను, నీలపు మచ్చలుగల ఱెక్కలు, కంటిమీదుగ నల్లని పట్టె, తోక మొదట కుంకుమవంటి ఎఱుపు. తోక మిక్కిలి కుఱచ. హిందీవారు నవరంగ మందురు. ఉదయమున సాయంకాలమున ఈల వేయును గనుక తమిళులు ఆఱుగంటల పిట్ట యందురు. శాస్త్రజ్ఞులు దీని జాతికంతకు పెట్టిన పేరు పిట్ట! 1816లో వియెయో అను ఫ్రెంచి పండితుడు మన తెనుగుమాటనే తీసికొని లోకమంతటికి ఇచ్చినాడు. ఆఫ్రికాలోని పక్షికిని, ఆస్ట్రేలియాలోని పక్షికిని నేడు ఆ పేరే. పిచ్చుకను కూడ మనము పిట్ట యందుము. వారు మాత్రము ఈ ఒక్క కుటుంబమునకే అది చెల్లునన్నారు. మన మాట ఆ విధముగ అత్తవారింటికి పోయి పెద్దదైనది.

ఈ పక్షి రాత్రులయందు ప్రయాణము చేయును. దీపముల వెలుతురునకు దారి తప్పి, అలసి, కిటికీ అద్దములకు కొట్టుకొని ఇంటిలోనో వరండాలోనో పడుట కలదు. అట్లు పడినచో కేకలు వేసి పిల్లలను పిలువకుడు. మెత్తని గుడ్డతో మెల్లగ ఎత్తి, గాలియాడు తూట్లు చేసిన అట్టపెట్టెలో ఉంచి, మూతవేసి, చీకటిగను నిశ్శబ్దముగను ఉన్నచోట పెట్టుడు. జాలిపడి నోటిలో నీళ్లు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయి చచ్చును. అన్నము పాలు అసలే కూడదు. పెక్కు పక్షులు కొన్ని గంటల విశ్రాంతితోనే తేఱుకొనును. పగటివేళ చెట్లు దట్టముగనున్న చోట పెట్టె మూత తీసి దూరముగ నిలువుడు. ఱెక్క విఱిగినట్లు కనబడినచో అటవీశాఖవారికి తెలుపుడు. అందముగనున్నదని పంజరములో నుంచుకొనుట తగదు; నేరము కూడ.

కోరుట్ల సోదరికి ఒక మాట. రానున్న ఆశ్వయుజమున, బతుకమ్మ పూలు కోయుటకు పెరటిలోనికి పోయినప్పుడు బావిగోడను ఒకసారి చూడుడు. ఉంగరములు తొడిగి విడిచిన పరిశీలకులకు, ఇట్టి పక్షులలో కొన్ని ఏటేట ఆ తోటకే తిరిగి వచ్చుట కనబడినది. అదే పిట్ట అగునో కాదో మీరు చెప్పలేరు. తేదీ మాత్రము చెప్పగలరు. మాకు వ్రాయుడు.

తక్కిన సోదరీమణులు ఈలోపల చాతకము మాట మఱవకుందురుగాక. తలమీద జుట్టు, నల్లని వెన్ను, తెల్లని కడుపుగల ఈ కోయిల చుట్టము తొలకరి గాలులతో ఆఫ్రికానుండి సముద్రము దాటి వచ్చును. అది మొదట వినబడిన దినమును, మీ ఊరిలో మొదటి వాన పడిన దినమును వేఱువేఱుగ గుఱుతుపెట్టి పంపుడు. ఏది ముందో వచ్చిన జాబులనుబట్టి ఆషాఢపు సంచికలో వ్రాయుదుము.